ఎదురుగా లేని మనిషి సంతకం

కొత్తపేటలో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్ళు అన్నీ తెచ్చేవారు. కాగితం తెచ్చేవారు, ఫొటోలు తెచ్చేవారు, ఆధార్ జిరాక్సులు అవసరానికి మూడింతలు తెచ్చేవారు. సంతకం పెట్టాల్సిన మనిషిని మాత్రం తెచ్చేవారు కాదు. ఆ మనిషి దమ్మాంలోనో, మస్కట్‌లోనో, డబ్లిన్‌లోనో ఉండేవాడు. "వాడొచ్చేటాళ్ళకు ఏడాది పడ్తది మేడం, మీరు జర ముద్ర వెయ్యుండ్రి" అనేవారు. మనిషి పక్కింట్లో స్నానం చేస్తున్నాడు, ఈలోగా మన పని కానిద్దాం అన్నంత తేలిగ్గా అనేవారు.

నేను వకీలును, నోటరీని. మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కనివ్వడం మానేశాక మాజీని. నల్లకోటు కొత్తగా తొడుక్కుని ఎల్‌బీ నగర్ కోర్టు చుట్టూ తిరుగుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి ఏవేవో అడుగుతుంటారు. సెక్షన్లు వాళ్ళకు నాకన్నా బాగా వచ్చు. వాళ్ళకు చెప్పాల్సింది నేను చేసిన తప్పులే. అవి ఏ పుస్తకంలోనూ లేవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు పని చెప్తాను. విదేశంలో ఉన్న మనిషి ఇక్కడి ఇంటి గురించో, కోర్టు కేసు గురించో ఇంకొకరికి అధికారం ఇవ్వాలంటే, కాగితం మనం ఇక్కడ రాసి పంపుతాం. ఆ మనిషి పాస్‌పోర్టు పట్టుకుని అక్కడి భారత ఎంబసీకి వెళ్ళి, అధికారి కళ్ళెదుట సంతకం పెట్టాలి. అధికారి "నా ముందే పెట్టారు" అని రాసి ముద్ర వేస్తాడు. కాగితం తిరిగి ఇక్కడికి వచ్చాక మూడు నెలల్లోపు రిజిస్ట్రారు ఆఫీసులో చూపించి స్టాంపు వేయించుకోవాలి. అంతే. చెప్పడానికి నాలుగు వాక్యాలు, చేయడానికి నాలుగు నెలలు.

ఈ నాలుగు వాక్యాల్లో ఎక్కడ జారిపడొచ్చో మనుషులు వెతికి మరీ జారిపడతారు. ఐర్లండ్‌లో నర్సుగా చేసే ఒకమ్మాయి, బెజవాడ వైపు పిల్ల, ఎల్‌బీ నగర్‌లో పెరిగింది. పేజీ పేజీకీ ఇంట్లోనే తీరిగ్గా, మంచి పెన్నుతో, ముత్యాల్లాంటి సంతకాలు పెట్టుకుని, సెలవు పెట్టి, రైలెక్కి ఎంబసీకి వెళ్ళింది. అధికారి చూసి, నవ్వి, తిరిగి ఇచ్చేశాడు. బయటికి రాగానే నాకు ఫోను.

"నా సంతకమే కదండీ మేడం. నాకు తెలీదా?"

"మీకు తెలుసమ్మా. ఆయనకు కూడా తెలియాలి కదా."

ఆ అమ్మాయిని చూసి నేను నవ్వకూడదు. ఎందుకో తర్వాతి భాగం చదివితే తెలుస్తుంది.

ఒక మంగళవారం

మా సీనియరు సత్యమూర్తి గారిది తెనాలి. హైదరాబాదు వచ్చి ఎన్నేళ్ళయినా ఆయన మాట మారలేదు. క్లయింట్లంతా నల్లగొండ వాళ్ళు. వాళ్ళు "ఏంది సార్" అనేవారు, ఈయన "ఏంటండీ" అనేవారు, పని మాత్రం జరిగిపోయేది. ఆయన గదిలోనే ఓ మూల బల్ల వేసుకుని నేను ప్రాక్టీసు మొదలుపెట్టాను.

నాకు నోటరీ లైసెన్సు వచ్చిన కొత్త అది. ముద్ర చూసుకుని మురిసిపోయేదాన్ని. పని లేనప్పుడు పాత దినపత్రిక మీద వేసి, గుండ్రం సరిగ్గా పడిందో లేదో చూసుకునేదాన్ని. అలాంటి రోజుల్లో మల్లయ్య వచ్చాడు. పండ్ల మార్కెట్ అప్పటికి ఇంకా కొత్తపేటలోనే ఉంది. మల్లయ్యది అక్కడ బత్తాయి దుకాణంలో పని. ఆయన మేనల్లుడు శ్రీను సౌదీలో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. ఊళ్ళో శ్రీను తల్లి ఉంటున్న ఇంటి మీద దాయాదులు కోర్టుకెక్కారు. ఆ కేసు నడిపే అధికారం మేనమామకు ఇస్తూ శ్రీను అక్కడే సంతకం పెట్టి, సెలవు మీద వస్తున్న స్నేహితుడి చేతికి కాగితం ఇచ్చి పంపాడు.

"వాడే పెట్టిండు మేడం. చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దిచ్చింది నేనే. వాని రాత నాకు తెల్వదా?" అన్నాడు మల్లయ్య. బల్ల మీద ఓ డజను బత్తాయిలు పెట్టాడు. అవి లంచం కాదనే నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. తియ్యగా మాత్రం ఉన్నాయి.

సంతకం నిజమైనదే. తల్లి కష్టం నిజమైనదే. వాయిదా దగ్గరికొచ్చిన మాట నిజమే. ఇన్ని నిజాల మధ్య ఒక్క అబద్ధం పెద్దదిగా కనిపించలేదు నాకు. "ఈ దినం నా సమక్షంలో సంతకం చేసినారు" అని రాసి ముద్ర వేశాను. గుండ్రం చాలా చక్కగా పడింది.

వారం తర్వాత ఇంటి పత్రాల నకలు కోసం ఆ కాగితం చూపించాల్సి వచ్చి మల్లయ్యా నేనూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అధికారి కాగితం చదివి, తలెత్తకుండానే అడిగాడు.

"ఈ పిలగాడు ఎక్కడ ఉంటడు?"

"సౌదీల సార్. మూడేండ్లాయె పోయి, ఒక్కపారి గూడ రాలే" అన్నాడు మల్లయ్య గర్వంగా.

"మరి మొన్న మంగళవారం కొత్తపేటకు ఎట్ల ఒచ్చిండు?"

మల్లయ్య నా వైపు చూశాడు. చదువుకున్నదాన్ని కదా, నేను ఏదో ఒకటి చెప్తానని ఆయన నమ్మకం. నేను కాగితం మీద చక్కగా పడిన గుండ్రాన్నే చూస్తున్నాను. అధికారి కాగితం తన బల్ల సొరుగులో పెట్టుకుని రేపు రమ్మన్నాడు. ఆయన పైకి ఓ ముక్క రాస్తే నా లైసెన్సు పోతుంది. అంతకన్నా ఎక్కువ కూడా కావచ్చు.

మర్నాడు సత్యమూర్తి గారు నాతో వచ్చారు. ఆటో చైతన్యపురి దాటింది. అప్పుడు నెమ్మదిగా అడిగారు.

"విజయా, ఆ కుర్రాడు సంతకం పెడుతుంటే నువ్వు చూశావా?"

"లేదు సార్."

"చూశానని రాశావా?"

"రాశాను సార్."

"సరే. అక్కడికెళ్ళాక చూడలేదని రాసివ్వు. మధ్యలో ఇంకే కథా చెప్పకు."

అదే రాసిచ్చాను. అధికారి చదివి, పైకి పంపలేదు. కాగితం రద్దు చేసి, హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా నన్ను చీవాట్లు పెట్టి పంపించాడు. అది నాకు పడిన శిక్ష అనుకున్నాను. అసలు శిక్ష నాకు పడలేదు. కాగితం లేకపోవడంతో ఆ వాయిదాకు మల్లయ్య మాట చెల్లలేదు. శ్రీను తల్లి, అంతకుముందు కోర్టు గడప తొక్కని మనిషి, ఒక్కతే బోనులో నిలబడి, అడిగినదానికల్లా "నా కొడుకు చెప్తడు సారూ" అంటూ వచ్చింది. శ్రీను సేఠును బతిమాలి రెండు రోజుల సెలవు తీసుకుని, ఎడారి దాటి ఎంబసీకి వెళ్ళి, సరైన పద్ధతిలో కాగితం పంపేసరికి ఇంకో వాయిదా కూడా దాటిపోయింది. కేసు చివరికి నిలబడింది. ఇల్లు దక్కింది. కానీ ఆ రెండు వాయిదాలు ఆ తల్లి నిలబడ్డది నా ముద్ర పుణ్యమే.

చాలా రోజుల తర్వాత శ్రీను సెలవు మీద వచ్చి, మా మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"నన్ను సౌదీకెల్లి ఒక్క ముద్రతోని కొత్తపేటకు తెచ్చింది మీరేనా మేడం? మా సేఠు ఇయ్యని సెలవు మీరిచ్చిండ్రు. జర ఫోన్ చేసి చెప్తే నేను గూడ ఒస్తుంటి."

సత్యమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వు దాచుకున్నారు. నేను శ్రీనుకు టీ తెప్పించాను. ఇంకేం చేయను?

పదకొండు పేజీలు

ఆ దెబ్బతో చూడకుండా ముద్ర వేయడం పూర్తిగా మానేశాను. దానితోనే నేను మంచి నోటరీని అయిపోయానని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది రెండో తప్పు. ఇది నాకు తెలియజెప్పింది భాగ్య.

వాళ్ళది పోచంపల్లి మగ్గాల ఇల్లు. తండ్రి నేత మానేసి పట్నం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న బట్టల దుకాణం పెట్టాడు. నాగోల్‌లో జాగా కొని రెండు గదులు వేసుకున్నాడు. ఆయన పోయాక ఆ జాగా కొడుకు నర్సింహకూ, బిడ్డ భాగ్యకూ చెరి సగం వచ్చింది. దుకాణం నర్సింహ చూసుకుంటున్నాడు. భాగ్య మాత్రం చేతి పని వదల్లేదు. కుట్టు నేర్చుకుని, పెళ్ళి కుదరక కొన్నాళ్ళు, కుదిరి నిలవక కొన్నాళ్ళు ఇబ్బంది పడి, ఒమన్‌లోని సలాలా అనే ఊళ్ళో ఓ టైలరింగ్ షాపులో పనికి కుదిరింది. నేను చెప్పే నాటికి ఆమె అక్కడికి వెళ్ళి పదకొండేళ్ళు.

నాగోల్ జాగాలో అపార్టుమెంటు కడతానని ఓ బిల్డరు వచ్చాడు. వచ్చే ఏడు దసరాకల్లా పని మొదలుపెట్టాలి, లేకపోతే పక్క వీధి జాగా చూసుకుంటానన్నాడు. నర్సింహ నా దగ్గరికొచ్చాడు.

"చెల్లె సంతకం ఒక్కటి గావాలె మేడం. మీరు మంచిగ రాయుండ్రి. ఏం తక్కువ గావద్దు."

తక్కువ కాకుండానే రాశాను. నా దగ్గర ఓ పాత డ్రాఫ్టు ఉండేది. ఇంగ్లీషులో పదకొండు పేజీలు. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, దానం చేయడానికి, వాటా వదులుకోవడానికి, కట్టడానికి, కూల్చడానికి, అన్నింటికీ అధికారం అందులో ఉండేది. పేర్లూ హద్దులూ మార్చి అందరికీ అదే ఇచ్చేదాన్ని. ఎక్కువ రాస్తే ఎక్కువ పని చేసినట్టు కనిపించేది నాకూ, క్లయింటుకూ.

సలాలా నుంచి మస్కట్‌లోని ఎంబసీకి వెళ్ళాలంటే ఒక రాత్రి బస్సు ప్రయాణం. అందుకని ఎంబసీ అధికారులే అప్పుడప్పుడు సలాలా వచ్చి, ఓ హాల్లో క్యాంపు పెట్టేవారు. చలికాలంలో అలా వచ్చిన క్యాంపుకు భాగ్య మధ్యాహ్నం దాకా సెలవు అడిగి వెళ్ళింది. పాస్‌పోర్టులో పేరు సరిగ్గా ఉంది. ఫొటోలున్నాయి. సాక్షులు ఇద్దరున్నారు. ముందుగా ఎక్కడా సంతకం పెట్టొద్దని నేను నర్సింహతో మూడుసార్లు చెప్పించాను కాబట్టి పెట్టలేదు. అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయి. ఆ సాయంత్రం ఫోను మోగింది. అయిపోయిందని చెప్పడానికే అనుకున్నాను.

"మేడం, నేను భాగ్యను, సలాలాకెల్లి. ఒక మాట అడుగుత. మీరు రాసిన కాయితంల మా అన్న నా వాటను ఎవలకన్న దానం జెయ్యొచ్చు, తనే దీస్కోవచ్చు గూడ, అని ఉన్నదంట. నిజమేనా?"

"అది అన్నింటిలో అట్లనే రాస్తం అమ్మా. మామూలే."

అవతల కుట్టు మిషను చప్పుడు వినబడుతోంది.

"అన్నిట్ల రాస్తరు సరే. చదివెటోళ్ళు ఎవరన్న ఉన్నరా మేడం?"

జరిగింది ఇది. క్యాంపులో కూర్చున్న అధికారిణి భాగ్యకు పెన్ను ఇచ్చే ముందు హిందీలో అడిగిందట, "ఇందులో ఏముందో మీకు తెలుసా?" అని. "మా అన్న పంపిండు" అని చెప్పింది భాగ్య. "అన్న పంపాడు సరే, ఏముందో తెలుసా?" అని ఆమె మళ్ళీ అడిగి, తెలియదంటే, వెనకాల వరుస ఎంత పొడుగున్నా లెక్కచేయకుండా ముఖ్యమైన నాలుగు పేరాలు చదివి అర్థం చెప్పి, అప్పుడు పెన్ను ఇచ్చిందట. భాగ్య పెన్ను బల్ల మీద పెట్టేసి కాగితం తీసుకుని వచ్చేసింది.

నిజం చెప్పాలంటే ఆ అధికారిణి మీద నాకు మొదట కోపం వచ్చింది. సంతకం చూడమంటే చూడాలి గానీ, ఇంటి గొడవలు ఈమెకెందుకు అనుకున్నాను. ఫోను పెట్టేశాక ఆ పదకొండు పేజీలు తీసి మొదటి నుంచి చదివాను. ఎన్ని ఏళ్ళ తర్వాత చదివానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ కాగితం నా చెల్లెలికి వచ్చి ఉంటే, సంతకం పెట్టొద్దని నేనే చెప్పేదాన్ని.

మొదటి అంతస్తు, రోడ్డు వైపు

మర్నాడు నేను తాళం తీసేసరికే నర్సింహ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహం ఎర్రగా ఉంది.

"మా చెల్లెకు ఎవలో ఎక్కిచ్చిండ్రు మేడం. నేనేమన్న దాని వాట తింటనా? చిన్నప్పటిసంది సంకనేసుకోని తిప్పిన."

"ఎవలూ ఎక్కియ్యలే నర్సింహా. నేను రాసిందే చదివి చెప్పిండ్రు."

"ఏం రాసిండ్రు?"

"నువ్వు తినొచ్చని రాసిన."

అతను నమ్మలేదు. ఆ పేరా తెలుగులో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. కోపం మెల్లగా దిగి, దాని స్థానంలో ఇంకేదో వచ్చింది.

"నేను గూడ చదవలే మేడం" అన్నాడు చివరికి.

పదకొండు పేజీల కాగితం. రాసినదాన్ని నేను చదవలేదు, అడిగినవాడు చదవలేదు, సంతకం పెట్టాల్సిన మనిషికి చదివే అవకాశమే ఇవ్వలేదు. చదివింది ఆ ఊరు గాని ఊళ్ళో, మాకెవరికీ ఏమీ కాని మనిషి.

అన్నాచెల్లెళ్ళు మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాలుగో రోజు ఇద్దర్నీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టాను. ఇటు నర్సింహ నా ఎదురు కుర్చీలో, అటు భాగ్య షాపు వెనక గదిలో, మెడలో టేపుతో.

కాసేపు ఇద్దరూ నన్నే చూస్తూ మాట్లాడారు. తర్వాత భాగ్య సూటిగా అడిగింది.

"అన్నా, కడ్తె నాకు ఏ ఫ్లాటిస్తవ్?"

"నాలుగో అంతస్తు చెల్లె. గాలి మస్తుగొడ్తది. మూసీ గూడ కనవడ్తది."

"మూసీ ఏం జూస్తనే. నేనొచ్చినంక మిషన్లు పెట్టుకుంట. జాకిట్లు కుట్టిచ్చుకునెటోళ్ళు నాలుగంతస్తులు ఎక్కొస్తరా?"

"లిఫ్టుంటది గదా."

"లిఫ్టెక్కి రారన్నా. రోడ్డు మీదికెల్లి బోర్డు కనవడాలె. నాకు మొదటి అంతస్తు, రోడ్డు దిక్కు."

నర్సింహ గడ్డం గోక్కున్నాడు. "గా ఫ్లాటు మీ వదినె అడిగింది."

ఇంతకాలం ఇద్దరి మధ్యా ఉన్న అసలు విషయం ఇదీ. ఏ దానం పేరాలోనూ లేదు. ఎవరూ ఎవరి వాటా తినదలచుకోలేదు. చెల్లెలికి ఏం కావాలో అన్న అడగలేదు. అడగకుండానే తనకు మంచిదనిపించిన నాలుగో అంతస్తు, మూసీ గాలితో సహా, ప్రేమగా ఇచ్చేశాడు.

మర్నాడు నర్సింహ మళ్ళీ వచ్చాడు. "మా ఇంటామె ఒప్పుకున్నది మేడం. కాని ఒక్క షరతు. జిందగీ మొత్తం చెల్లె ఆమెకు జాకిట్లు ఉత్తగనే కుట్టియ్యాలె."

ఆ షరతు నేను కాగితంలో రాయలేదు. మిగతాది రాశాను. రెండున్నర పేజీలు వచ్చింది. బిల్డరుతో ఒప్పందం చేసుకోవడానికి, కట్టడానికి అనుమతులు తీసుకోవడానికి మాత్రమే అన్నకు అధికారం. అమ్మడానికి లేదు, దానానికి లేదు. మొదటి అంతస్తు, రోడ్డు వైపు ఫ్లాటు భాగ్యది. తెలుగులో రాసి ముందు భాగ్యకు పంపాను. ఆమె చదివి మూడు ప్రశ్నలు అడిగింది. అందులో రెండు నాకు తట్టనివి. అవి సరిచేసి, అప్పుడు ఇంగ్లీషులో పెట్టాను. ఎండాకాలంలో తర్వాతి క్యాంపు వచ్చినప్పుడు, షాపులో పనిచేసే మలయాళీ ఆవిడ, నల్లగొండ నుంచి వెళ్ళిన ఓ మంగలాయన సాక్షులుగా నిలబడితే, భాగ్య సంతకం పెట్టింది.

అప్పటి నుంచి నేను ఓ పద్ధతి పెట్టుకున్నాను. విదేశం పంపే ఏ కాగితమైనా, సంతకం పెట్టే మనిషికి ముందు నేనే ఫోను చేసి, ఏముందో చెప్పేదాన్ని. మెట్లెక్కి వచ్చినవాళ్ళలో కొందరికి ఇది నచ్చలేదు. "మీకెందుకు మేడం గివన్ని" అని ముద్ర తొందరగా పడే ఇంకో చోటికి వెళ్ళారు. వెళ్ళనివ్వండి. అలా వెళ్ళే క్లయింటును పట్టుకుని ఆపకూడదని మాత్రం గట్టిగా చెప్తాను.

ఆషాఢం

కాగితం సలాలా నుంచి బయల్దేరిందని తెలిసి నేను నిశ్చింతగా ఉన్నాను. ఆగస్టులో ఓ రోజు చీర కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో నర్సింహ దుకాణానికి వెళ్ళాను. మాటల్లో అడిగాను, రిజిస్ట్రారు ఆఫీసులో పని అయిందా అని.

"కాయితం ఎన్నడో ఒచ్చింది మేడం. దేవుని అల్మారాల పెట్టినం. నడుమ ఆషాఢం వడ్డది గదా, ఇంటి పని ముట్టొద్దని ఆగిన. గిప్పుడు శ్రావణం, ఇగ మంచి రోజు జూసి..."

"ఎన్నడొచ్చింది?"

వేళ్ళు లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. మూడు నెలల్లో మిగిలింది నాలుగు రోజులు. అందులో ఒకటి పంద్రాగస్టు, ఒకటి ఆదివారం.

"నర్సింహా, సర్కారుకు ఆషాఢం లేదు, శ్రావణం లేదు. మూడు నెలలంటే మూడు నెలలే. దాటిందంటే మీ చెల్లె మళ్ళ క్యాంపుకు పోవాలె, బిల్డరు పక్క వీధికి పోతడు."

అతను పట్టుకున్న చీర మడత అలాగే వదిలేసి లేచాడు. మర్నాడు పొద్దున్నే రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర కలుసుకున్నాం. కాగితం పసుపు బొట్టుతో సహా వచ్చింది. బొట్టు మూలకు పెట్టారు గనుక సరిపోయింది, ముద్ర మీద పెట్టి ఉంటే ఏమయ్యేదో. అధికారి కాగితం చూసి, ఇది దేశంలోకి ఎప్పుడు వచ్చిందో రుజువేదని అడిగాడు.

"కొరియర్ కవరు ఏది?" అన్నాను నర్సింహతో.

అతను పక్కకు జరిగి ఇంటికి ఫోను చేశాడు. తిరిగొచ్చి నా చెవిలో చెప్పాడు.

"కవర్ల మా ఇంటామె కరేపాకు పెట్టిందంట మేడం. ఫ్రిజ్జుల."

గంట తర్వాత కవరు వచ్చింది. తేదీ చీటీ తడిసింది గానీ అంకెలు చెరగలేదు. అధికారి కవరు అటూ ఇటూ తిప్పి తేదీ చూశాడు, ఓసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గడువు ఇంకా ఉందని రాసుకుని కాగితం తీసుకున్నాడు. నర్సింహ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు చెమట తుడుచుకున్నాడు. "మంచిరోజేనా మేడం ఇయ్యాల?" అని అడిగాడు. మంచిరోజేనని చెప్పాను.

దసరాకు పని మొదలైంది. ఇప్పుడు నర్సింహ దుకాణంలో చీరలు కొనేవాళ్ళకు ఎంబసీ సంతకాల గురించి అడక్కుండానే సలహాలు చెప్తుంటాడు. చాలావరకు సరైనవే.

భాగ్య చెప్పింది

అపార్టుమెంటు లేచిన మరుసటి ఏడు భాగ్య వచ్చేసింది. మొదటి అంతస్తులో రోడ్డు వైపు కిటికీకి బోర్డు కట్టింది. ఆఫీసు మూసేశాక నాకు ఏదో ఒక వ్యాపకం కావాలి కదా, నాగోల్ వెళ్ళి మళ్ళీ ఓ నాలుగు జాకెట్లు ఇచ్చాను. నాలుగు మిషన్లున్నాయి. అందులో ఒకదాని మీద వదినగారి జాకెట్టు, షరతు ప్రకారం, సగం కుట్టి ఉంది.

కొలతలు తీసుకుంటుంటే అడిగాను, ఆ మొదటి క్యాంపు రోజు కాగితం వెనక్కి తీసుకున్నాక ఏం చేశావు అని. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"బయిటికొచ్చి గోడకాడ కూసున్న మేడం. మస్తు భయమైంది. అన్న ఇగ మాట్లాడడు, వదినె తిడ్తది, బిల్డరు పోతడు, అన్నీ నా నెత్తి మీదికే ఒస్తయి అనుకున్న. గంట సేపు గట్లనే కూసున్న. వాపస్ లోపలికి పోయి పెడ్దామా అని రెండుసార్లు లేచిన."

"మరి ఎందుకు పోలేదు?"

ఆమె టేపు నా భుజం మీద అలాగే ఉంచి ఆలోచించింది.

"అప్పటిదాంక మస్తు కాయితాల మీద పెట్టిన మేడం. పెండ్లికి పెట్టిన, ఇడాకులకు పెట్టిన, వీసాకు పెట్టిన, సేఠు ఇచ్చిన కాయితాలకు పెట్టిన. ఈడ పెట్టు అని ఏలు పెట్టి సూపిచ్చేటోళ్ళు, పెడ్తుంటి. ఏమున్నదో ఎరికేనా, పెట్టుడు ఇష్టమేనా అని అడిగింది ఆమెనే మొదలు. వద్దంటే గుంజుకోలే. కాయితం సక్కగ మడిచి నా చేతిలనే పెట్టింది. అది గుర్తొచ్చింది. అప్పుడు మస్తు ఆకలైంది. పక్క హోటల్ల కూసొని రెండు పరాటాలు తిన్న, చాయ్ తాగిన. తిన్నంకనే మీకు ఫోన్ చేసిన."

నేనేదో అనబోయాను. ఆమె వినలేదు. టేపు తిప్పి చేతి చుట్టుకొలత చూసి, పాత కొలతల పుస్తకంలోది చూసి, నన్ను చూసింది.

"చెయ్యి జర లేపుండ్రి మేడం. ఇంట్ల కూసున్నకాన్నించి దొడ్డుగైండ్రు."

చెయ్యి లేపాను. ఆమె కొత్త అంకె రాసుకుంది.